శిక్షణ విమానం వ్యవస్థల బల్ల: పటమట నుంచి పని డైరీ

జూన్: ఏం కడుతున్నాము, ఎందుకు కడుతున్నాము

ఈ డైరీలో నమోదు చేస్తున్నది ఒక బోధన బల్ల నిర్మాణం. సెస్నా 172ఎస్ అనే నాలుగు సీట్ల శిక్షణ విమానంలోని విద్యుత్తు, పీటో-స్టాటిక్ (గాలి పీడనంతో వేగం, ఎత్తు కొలిచేది), ఇగ్నిషన్ (ఇంధనాన్ని రగిల్చేది), ఏవియానిక్స్ (ఎలక్ట్రానిక్ పరికరాలు) వ్యవస్థలను చేత్తో ముట్టుకుని, వైరు పీకి, గొట్టం మూసి, ఏమవుతుందో కళ్లతో చూసి నేర్చుకోవడానికి వీలుగా విజయవాడ పటమటలోని మా ఇంటి మేడ గదిలో దీన్ని కడుతున్నాము. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధిస్తాను. మా అక్క కూతురు వేరే రాష్ట్రంలోని ఒక ఫ్లయింగ్ స్కూల్లో కమర్షియల్ పైలట్ లైసెన్సు శిక్షణలో ఉంది. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిర్వహించే టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్ పరీక్షల కోసం చదువుకోవడానికి ఇంటికి వచ్చింది.

"మావయ్యా, అంకెలన్నీ నోటికి వచ్చు. కానీ ఆల్టర్నేటర్ పోతే ఏది ముందు ఆరుతుంది, ఏది నిలుస్తుంది అని ఇన్‌స్ట్రక్టర్ సార్ అడిగితే, పుస్తకంలో బొమ్మ గుర్తు తెచ్చుకుని వెతుక్కోవాల్సి వస్తోంది" అని తను అన్న మాటతో ఈ పని మొదలైంది. ఆ అంకెలు నిజంగానే తనకు వచ్చు. ఇంజను లైకమింగ్ ఐఓ-360-ఎల్2ఏ, నిమిషానికి 2,700 చుట్ల వద్ద 180 హార్స్‌పవర్. ట్యాంకుల్లో పట్టే ఇంధనం 56 అమెరికన్ గ్యాలన్లు, వాడుకోదగినది 53. ఇంజను తిప్పగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ 28 వోల్టులు, 60 ఆంపియర్లు. బ్యాటరీ 24 వోల్టులు. ఎదురుగా గార్మిన్ జీ1000 తెరలు రెండు. పరీక్షకు ఇవి అవసరమే. అయితే గాలిలో ఉన్న మనిషికి అంతకంటే ముందు అవసరమయ్యే ప్రశ్న ఒకటుంది. దాన్ని బల్ల వెనుక గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాము: ఇది పోతే దీనితో పాటు ఏవేవి పోతాయి, ఏవి నిలుస్తాయి, పోయిన సంగతి నాకు ఎవరు చెబుతారు?

మూడు భాగాల ఆ ప్రశ్నలో చివరి భాగమే అన్నిటికంటే కఠినమైనదని పని సాగేకొద్దీ మాకు స్పష్టమవుతూ వచ్చింది. అందుకే ఈ డైరీలో ప్రతి బోర్డునూ ఆ కోణం నుంచే రాస్తున్నాను.

జులై: విద్యుత్తు బోర్డు, ఆటోనగర్ సాయంతో

విమానం విద్యుత్తు బోర్డుకు కావలసిన సామాను కోసం మేము ఎంతో దూరం పోనక్కరలేకపోయింది. లారీలు కూడా 24 వోల్టుల బ్యాటరీ మీదే నడుస్తాయి, వాటి ఆల్టర్నేటర్లు కూడా 28 వోల్టుల చుట్టుపక్కలే ఛార్జి చేస్తాయి. జవహర్ ఆటోనగర్‌లో లారీల కరెంటు పని చేసే మేస్త్రిగారొకరు నాకు చాలా ఏళ్లుగా తెలుసు. రెగ్యులేటరు బయట ఉండే పాత రకం ఆల్టర్నేటరు ఒకటి వెతికి, బేరింగులు మార్చి, ఫీల్డు (లోపల అయస్కాంతంగా పనిచేసే తీగచుట్ట) వైర్లు విడిగా బయటికి తీసి ఇవ్వమని అడిగాము. "మాస్టారూ, ఈ డైనమో లారీకైతే ఇట్టే బిగించేస్తాను. మీరు దీన్ని ఆపడానికి ఇంత ఏర్పాటు చేస్తున్నారేమిటి?" అని ఆయన అడిగారు. ఆపినప్పుడు ఏం జరుగుతుందో చూడటానికే ఈ బల్ల అని మేనకోడలు వివరించిన తరువాత, మిగిలిన పనిలో ఆయన మాతో పాటు నిలబడ్డారు. ఒక హార్స్‌పవర్ మోటారు, బెల్టు, వరుసలో కలిపిన రెండు 12 వోల్టుల బ్యాటరీలు, లోడు కోసం లారీ దీపాలు, ఇవన్నీ ఇనుప యాంగిల్ చట్రం మీదికి ఎక్కాయి. బెల్టుకు జాలీ మూత పెట్టే దాకా ఆయన మోటారు స్విచ్చి వేయనివ్వలేదు.

172ఎస్‌లో మాస్టర్ స్విచ్చి రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక సగం బ్యాటరీకి, రెండో సగం ఆల్టర్నేటర్ ఫీల్డుకు. బ్యాటరీ సగం నొక్కితే కాంటాక్టరు (కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్చి) కాయిల్‌కు భూమి (ఎర్త్) దొరికి, అది టక్కుమని అతుక్కుని బ్యాటరీని బస్సుకు, అంటే పరికరాలకు కరెంటు పంచే ఉమ్మడి పట్టీకి కలుపుతుంది. ఈ కాంటాక్టరు తన కాయిల్‌ను పట్టి ఉంచుకోవడానికి కూడా బ్యాటరీ కరెంటే తీసుకుంటుంది. అందువల్ల పూర్తిగా చచ్చిపోయిన బ్యాటరీతో స్విచ్చి ఎన్నిసార్లు నొక్కినా టక్కు వినబడదు. ఆల్టర్నేటర్ ఫీల్డుకు కూడా మొదట ఎవరో కరెంటు అందించాలి. మోటారు పూర్తి వేగంతో తిప్పుతున్నా, ఫీల్డుకు కరెంటు ఇవ్వకపోతే మీటరు మీద వచ్చింది నామమాత్రపు వోల్టేజీ మాత్రమే. ఫీల్డు కలిపిన క్షణంలో మోటారు శబ్దం బరువెక్కి, మీటరు 28కి లేచింది. "ఇంజను తిరుగుతోంది కదా, కరెంటు వస్తూనే ఉంటుంది" అనే ఊహను ఈ ఒక్క ప్రయోగం తొలగిస్తుంది.

ఆ తరువాత అసలు పాఠం. దీపాలన్నీ వెలుగుతుండగా ఫీల్డు తీసేశాము. వోల్టు మీటరు 28 నుంచి వెంటనే 25కు చేరి, అక్కడి నుంచి నెమ్మదిగా కిందికి జారడం మొదలుపెట్టింది. అసలు విమానంలో బస్సు వోల్టేజీ 24.5 కంటే తగ్గితే తక్కువ వోల్టుల హెచ్చరిక తెర మీద వస్తుంది. మా బోర్డు మీద అదే అంకె దగ్గర ఎర్ర దీపం వెలిగేలా వోల్టేజీలను పోల్చే చిన్న కంపారేటరు సర్క్యూటు పెట్టాము. మేనకోడలు గమనించిన విషయం మంచిది: ఫీల్డు పోయిన క్షణానికీ దీపం వెలిగిన క్షణానికీ మధ్య కొంత వ్యవధి ఉంది, ఆ వ్యవధిలో బ్యాటరీ ఖర్చవుతూనే ఉంది. అమ్మీటరు చూసే అలవాటున్న పైలట్‌కు దీపం కంటే ముందే సంగతి తెలుస్తుంది, ఎందుకంటే బ్యాటరీలోకి పోతున్న కరెంటు బ్యాటరీ నుంచి వస్తున్న కరెంటుగా మారడం మీటరు ముల్లు వెంటనే చూపిస్తుంది.

తప్పనిసరి పరికరాలకు కరెంటు ఇచ్చే ఎసెన్షియల్ బస్సు కట్టడానికి ఎక్కువ సమయం తీసుకున్నాము, ఎందుకంటే ఈ విమానం విద్యుత్తు రూపకల్పనలోని వివేకమంతా అక్కడే ఉంది. రెండు ప్రధాన బస్సుల నుంచి డయోడ్ల ద్వారా ఈ బస్సుకు కరెంటు వస్తుంది. మూడో దారిగా విడి స్టాండ్‌బై బ్యాటరీ ఉంటుంది. డయోడ్లు ఉన్నందువల్ల కరెంటు లోపలికి రాగలదే గాని వెనక్కి పోలేదు. ప్రధాన బస్సు ఒకటి షార్టయి కూలిపోయినా, అది ఎసెన్షియల్ బస్సును తనతో పాటు లాక్కుపోలేదు. పెద్ద డయోడ్లు గవర్నరుపేట దుకాణాల్లో దొరికాయి, వాటిని అల్యూమినియం పలకకు బిగించాము. మేము ఒక ప్రధాన బస్సును తీగతో నేలకు కలిపినప్పుడు దాని బ్రేకరు తెగింది, ఆ బస్సు మీది దీపాలు ఆరిపోయాయి, ఎసెన్షియల్ బస్సు దీపాలు మాత్రం కనురెప్ప వేసినంత సేపు కూడా చలించలేదు. మేస్త్రిగారు ఆ పలక దగ్గరికి వంగి డయోడ్ల మీద వేలు పెట్టి చూసి, "అమ్మా, ఈ ఏర్పాటు లారీల్లో కూడా ఉంటే ఎన్ని వైరింగులు కాలిపోకుండా ఉండేవో" అన్నారు.

ఈ బస్సు మీద ఏమేమి ఉన్నాయో చూస్తే విమానం తయారుచేసినవారు పైలట్‌కు కనీసం ఏమి మిగల్చాలనుకున్నారో అర్థమవుతుంది. ప్రధాన విమాన తెర, విమానం వంపును, దిక్కును తెలిపే ఏహెచ్ఆర్ఎస్, గాలి పీడనాన్ని లెక్కగట్టే ఎయిర్ డేటా కంప్యూటరు, ఇంజను సెన్సార్ల యూనిట్టు, మొదటి రేడియో, మొదటి నావిగేషన్ రిసీవరు. పటం చూపే రెండో తెర ఇందులో లేదు. అంటే అన్నీ పోయి స్టాండ్‌బై బ్యాటరీ ఒక్కటే మిగిలితే, పైలట్‌కు ముక్కు ఎటు ఉందో, వేగం, ఎత్తు ఎంతో, కంట్రోల్ టవరుతో మాట్లాడే దారి ఏదో మిగులుతాయి, రంగురంగుల పటం మిగలదు. ఆ బ్యాటరీ ఇచ్చే గడువు సుమారు అరగంట. బయలుదేరే ముందు దాని స్విచ్చిని టెస్టు వైపు పట్టుకుని ఆకుపచ్చ దీపం నిలబడుతుందో లేదో చూసే 20 సెకన్లను మేనకోడలు ఇకపై తొందరగా దాటేయదని నమ్ముతున్నాను.

జులై చివర: మాగ్నెటో

కరెంటంతా పోయినా ఇంజను ఆగదు. ఈ మాట పుస్తకంలో ఒక వాక్యం. తిరగడంతోనే ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే పరికరం మాగ్నెటో. ఆటోనగర్‌లో తీసుకున్న పాత మాగ్నెటోను డ్రిల్లింగ్ మెషిన్‌తో తిప్పి, ఎలాంటి బ్యాటరీ లేకుండానే ప్లగ్గు కొన దగ్గర నీలం నిప్పు చూసినప్పుడు అది వాక్యంగా మిగలదు. 172ఎస్ ఇంజనుకు రెండు మాగ్నెటోలు, నాలుగు సిలిండర్లకు సిలిండరుకు రెండేసి చొప్పున ఎనిమిది ప్లగ్గులు. ఒక మాగ్నెటో పోతే ఇంజను కొంచెం బలహీనంగా నడుస్తుంది తప్ప ఆగిపోదు.

ఇక్కడ మేము ఎక్కువసేపు ఆగింది మాగ్నెటోను ఆపే పద్ధతి దగ్గర. ఇంట్లో దీపం స్విచ్చి తీస్తే వైరు తెగి దీపం ఆరుతుంది. మాగ్నెటోకు దీనికి పూర్తిగా విరుద్ధం. స్విచ్చి ఆఫ్‌లో ఉన్నప్పుడు పీ-లీడ్ అనే వైరు మాగ్నెటో ప్రైమరీ చుట్టను ఇంజను బాడీకి కలిపి నోరు నొక్కుతుంది. ఆ వైరు మధ్యలో తెగితే స్విచ్చి ఆఫ్‌లో ఉన్నా మాగ్నెటో బతికే ఉంటుంది. మేనకోడలు స్వయంగా వైరు విప్పి, స్విచ్చి ఆఫ్ చేసి, డ్రిల్లు తిప్పింది. నిప్పు వస్తూనే ఉంది. నేల మీద నిలిచి ఉన్న విమానం ప్రొపెల్లరును చేత్తో కొంచెం తిప్పినా ఇంజను అంటుకునే ప్రమాదం ఈ తెగిన వైరులో దాగి ఉంటుంది.

బయలుదేరే ముందు 1,800 ఆర్‌పీఎం వద్ద చేసే మాగ్నెటో పరీక్షకు ఇప్పుడు పూర్తి అర్థం వచ్చింది. ఒక మాగ్నెటో మీదికి మార్చినప్పుడు పడిపోయే చుట్లు 150కి మించకూడదు, రెండింటి పతనాల మధ్య తేడా 50కి మించకూడదు. ఇవి గుర్తుంచుకోవలసిన పరిమితులు. అయితే అసలు ఏమీ పడకపోవడం కూడా ఒక చెడ్డ కబురే. పడకపోవడం అంటే ఆపామనుకున్న మాగ్నెటో ఆగలేదేమోనని అనుమానించాలి. ముల్లు కదలలేదు కాబట్టి ఇంజను భేషుగ్గా ఉందనుకునే విద్యార్థి తెగిన పీ-లీడ్‌ను తనతో మోసుకుపోతాడు.

ఇదే ప్రశ్నను మన దేశపు శిక్షణ విమానం మీద వేస్తే సమాధానం మారుతుంది. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ రూపొందించిన హంస-ఎన్‌జీ 2021 సెప్టెంబరు 3న మొదటిసారి ఎగిరింది. అందులోని రోటాక్స్ 912 ఐఎస్ తరగతి ఇంజనులో ఇగ్నిషన్, ఇంధనం చిమ్మడం రెండూ ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్టు చేతిలో ఉంటాయి. ఆ ఇంజనుకు కరెంటు ప్రాణావసరం. అందుకే ఇంజనులోనే రెండు జనరేటర్లు, కంట్రోల్ యూనిట్టులో రెండు విడి దారులు ఉంటాయి. ఒక జనరేటరు పోతే రెండోది విమానం సంగతి పక్కన పెట్టి ముందు ఇంజనును చూసుకుంటుంది. 172ఎస్‌లో నేర్చుకున్న "కరెంటు పోయినా ఇంజను నడుస్తుంది" అనే సమాధానాన్ని ఆ కాక్‌పిట్‌లోకి తీసుకుపోకూడదు. గోడ మీది ప్రశ్న మాత్రం అక్కడా పనికొస్తుంది.

ఆగస్టు: నీటిగొట్టంతో పీటో-స్టాటిక్

ఈ బల్ల మొత్తంలో నాకు అత్యంత ప్రీతిపాత్రమైన భాగం ఇదే, అతి తక్కువ ఖర్చుతో తయారైనది కూడా ఇదే. మందుల దుకాణంలో కొన్న పారదర్శకమైన సెలైన్ గొట్టాన్ని ప్లైవుడ్ పలక మీద యూ ఆకారంలో బిగించి, సగం దాకా రంగు నీళ్లు పోసి, పక్కన మిల్లీమీటర్ల స్కేలు అతికించాము. ఒక కొన పీటో (ఎదురుగాలి పీడనం), రెండో కొన స్టాటిక్ (చుట్టూ ఉన్న నిశ్చల పీడనం). రెండు కొనలకూ పెద్ద సిరంజిలు. రెండు మట్టాల మధ్య తేడాయే గాలి వేగాన్ని చూపే పరికరం చదివే అంకె.

ఎయిర్‌స్పీడ్ ఇండికేటరు వేగాన్ని నేరుగా కొలవదు. ఎదురుగాలి పీటో గొట్టంలోకి నెట్టే పీడనం నుంచి చుట్టూ ఉన్న నిశ్చల పీడనాన్ని తీసివేస్తే మిగిలేదాన్ని కొలుస్తుంది. సముద్రమట్టం వద్ద ప్రామాణిక వాతావరణంలో ఆ తేడా 40 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వద్ద సుమారు 26 మిల్లీమీటర్ల నీటి ఎత్తు, 80 నాట్ల వద్ద 106, 100 వద్ద 165, 160 వద్ద 423. వేగం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలు. ఫ్లాప్స్ (రెక్కల వెనుక అంచు పలకలు) పూర్తిగా దించినప్పుడు ఈ విమానం స్టాల్ అయ్యే, అంటే రెక్కలు మోయలేకపోయే వేగం ఇండికేటరు మీద 40 నాట్లు. అంటే రెక్కలు విమానాన్ని మోయగల కనీస స్థితిని పైలట్‌కు తెలియజేసేది రెండున్నర సెంటీమీటర్ల నీటిని మాత్రమే లేపగల పీడనం. గొట్టంలో చిన్న అడ్డు, కొంచెం తేమ, వదులు కనెక్షను ఎందుకు అంత ముఖ్యమో ఆ రెండున్నర సెంటీమీటర్లు వేలితో చూపించి చెప్పవచ్చు.

సిరంజి ఒత్తిడి మాత్రమే కాక అసలు గాలిని కూడా కొలవాలనిపించింది. రాగి గొట్టంతో ఒక పీటో-స్టాటిక్ ముక్కు తయారుచేశాము. ముందు ఒక రంధ్రం, పక్కల చుట్టూ సన్నని రంధ్రాలు. దాన్ని కారు ముందు భాగం కంటే బాగా ముందుకు పొడుచుకు వచ్చేలా కర్రకు కట్టి, గాలి లేని తెల్లవారుజామున గన్నవరం వైపు జాతీయ రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల నిలకడ వేగంతో పోయాము. ఆ వేగం సుమారు 43 నాట్లు. ప్రామాణిక గాలిలో నీరు 31 మిల్లీమీటర్లు లేవాలి. వేడి గాలి పలచన కాబట్టి మా లెక్క 29 అని వచ్చింది. కుదుపులకు నీరు ఊగుతున్నందువల్ల మేనకోడలు మట్టాన్ని ఫోనుతో వీడియో తీసి, ఇంటికి వచ్చాక తెరను ఆపి ఆపి చదివింది. 28కీ 30కీ మధ్య నిలిచింది. ఎండాకాలంలో గన్నవరంలో 40 డిగ్రీల వేడిలో 55 నాట్లు చూసి ముక్కు ఎత్తే విమానం నిజానికి గాలిలో 57 నాట్లకు పైగా పరిగెడుతోందని, రన్‌వే మీద అదనంగా పోయే దూరానికి ఇదీ ఒక కారణమని ఆ 29 మిల్లీమీటర్ల నుంచే వివరించగలిగాను.

ఎత్తు కోసం గాజుసీసాలో చిన్న పీడన సెన్సారు పెట్టి, మూతకు మైనం రాసి, స్టాటిక్ గొట్టానికి కలిపాము. నేల దగ్గర గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే ఎత్తు చూపే ఆల్టీమీటరు సుమారు 27 అడుగులు పెరిగినట్లు చూపుతుంది. అది నీటిగొట్టంలో సుమారు 10 మిల్లీమీటర్లు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి ఇక్కడి పీడనం 1000 హెక్టోపాస్కళ్లకు దిగిన రోజున ఆల్టీమీటరులో పీడనం అమర్చే కిటికీలో 1013 అలాగే వదిలేస్తే, సముద్రమట్టానికి 80 అడుగుల ఎత్తున ఉన్న గన్నవరం నేల మీద నిలబడి ఉన్న విమానం 430 అడుగుల ఎత్తులో ఉన్నట్లు చూపుతుంది. వర్షంలో, తక్కువ మేఘాల కింద దిగేటప్పుడు ఆ 350 అడుగులు విమానం కింద ఉండవు.

ఆగస్టు: మూసుకున్న గొట్టం

ఇక్కడి నుంచి బల్ల తన అసలు పని చేయడం మొదలుపెట్టింది. పీటో వైపు సిరంజి నొక్కి 165 మిల్లీమీటర్లకు, అంటే 100 నాట్లకు తెచ్చి, ఆ వైపు గొట్టాన్ని క్లిప్పుతో బిగించాము. పీటో ముఖం, దాని నీరు కారే రంధ్రం రెండూ మూసుకుపోయిన స్థితి ఇది. గొట్టంలో చిక్కుకున్న గాలి అక్కడే ఉండిపోతుంది. ఇప్పుడు విమానం 300 అడుగులు పైకి ఎక్కిందనుకుని, స్టాటిక్ వైపు సిరంజిని వెనక్కి లాగి పీడనాన్ని 11 హెక్టోపాస్కళ్లు తగ్గించాము. మట్టాల తేడా 165 నుంచి 277 మిల్లీమీటర్లు దాటింది. అంటే 130 నాట్లు. విమానం వేగం ఏమీ మారలేదు. మూడు వందల అడుగులు ఎక్కినందుకే ఇండికేటరు, మామూలు వేగాల పరిధిని చూపే ఆకుపచ్చ పట్టీ చివర ఉండే 129 నాట్లను దాటిపోయింది.

ఆ అంకె చూసిన పైలట్ సహజంగా ముక్కు పైకి ఎత్తుతాడు. ఎత్తితే విమానం ఇంకా ఎక్కుతుంది, ఇండికేటరు ఇంకా పెరుగుతుంది, అసలు వేగం మాత్రం పడిపోతుంది. ఆ దారి చివర స్టాల్ ఉంటుంది. మేనకోడలు సిరంజి చేతిలో పట్టుకుని, "ముక్కు ఎత్తేకొద్దీ తప్పు సరైనదిలా కనిపిస్తుంది మావయ్యా" అంది. ఇది బల్ల మీద మాత్రమే జరిగే సంగతి కాదు. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటా నుంచి బయలుదేరిన బిర్గెన్‌ఎయిర్ బోయింగ్ 757లో పీటో గొట్టం మూసుకుపోయి, తప్పుడు వేగం చూపి, విమానం సముద్రంలో కూలింది. అందులో ఉన్న 189 మందీ చనిపోయారు. మట్టిగూడు కట్టే కందిరీగ ఆ గొట్టాన్ని మూసి ఉండవచ్చునని దర్యాప్తులో అనుమానించారు. అదే ఏడాది అక్టోబరు 2న పెరూలో లీమా నుంచి బయలుదేరిన మరో 757కు, విమానం కడిగేటప్పుడు స్టాటిక్ రంధ్రాల మీద అతికించిన టేపు తీయకుండా వదిలేశారు. 70 మంది పోయారు. మా మేడ కిటికీ చట్రంలోని మేకు రంధ్రాల్లో కందిరీగ కట్టిన మట్టి గూళ్లు ఉన్నాయి. వాటిని చూపిస్తూ, నేల మీద ఉన్నప్పుడు పీటో గొట్టానికి తొడిగే కవరు గురించి మాట్లాడటం సులువైంది.

ఈ బోర్డు నుంచి నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. విద్యుత్తు లోపం తనను తాను ప్రకటించుకుంటుంది: దీపం వెలుగుతుంది, తెర ఆరుతుంది, ఎర్ర గీతలు పడతాయి. గొట్టంలోని లోపం ప్రకటించుకోదు. ఎయిర్ డేటా కంప్యూటరుకు కరెంటు ఉంది, దాని సెన్సారు బాగుంది, దానికి అందిన పీడనాన్ని అది నిజాయితీగానే లెక్కగట్టింది. అందువల్ల తెర మీద అంకె స్పష్టంగా, నిలకడగా, తప్పుగా ఉంటుంది. పైగా జీ1000 ఉన్న 172లో విడిగా పెట్టిన స్టాండ్‌బై వేగ సూచిక, ఆల్టీమీటరు కూడా అదే పీటో, అదే స్టాటిక్ గొట్టాల మీద బతుకుతాయి. రెండు పరికరాలు ఒకే అంకె చూపుతున్నాయంటే అది రెండు సాక్ష్యాలు కాదు, ఒకే సాక్షి రెండుసార్లు చెప్పిన మాట. ఇక్కడ నిలిచేవి ముక్కు వంపు, ఇంజను శక్తి, జీపీఎస్ చూపే భూమి మీది వేగం, ఇంకా స్టాటిక్ పీడనానికి మరో దారి తెరిచే, కాక్‌పిట్‌లోని ఆల్టర్నేట్ స్టాటిక్ పిడి. మూసుకున్నది స్టాటిక్ అయితే ఆ పిడి లాగితే దారి దొరుకుతుంది. మూసుకున్నది పీటో అయితే ఆ పిడి దాన్ని తెరవలేదు.

సెప్టెంబరు: అంకెతో పాటు ప్రయాణించే సాక్ష్యం

ఏవియానిక్స్ బోర్డులో అసలు జీ1000 పెట్టెలు పెట్టే స్తోమత మాకు లేదు, అవసరం కూడా లేదు. పెట్టెల మధ్య జరిగే సంభాషణ నేర్చుకుంటే చాలు. ఎయిర్ డేటా కంప్యూటరు మాట్లాడే ఏరింక్ 429 (విమాన పరికరాలు ఒకదానికొకటి సమాచారం పంపుకునే ప్రమాణం) భాషలో ఒక్కో మాట 32 బిట్లు. మొదటి ఎనిమిది బిట్లు ఆ మాట దేని గురించో చెప్పే లేబుల్, దాన్ని ఆక్టల్‌లో, అంటే ఎనిమిది ఆధారంగా ఉండే సంఖ్యల్లో రాస్తారు. 203 అయితే పీడన ఎత్తు, 206 అయితే వేగం. ఒక జత తీగల మీద మాట్లాడేది ఒక్కరే, వినేవారు ఇరవై మంది దాకా ఉండవచ్చు. వినేవారు తిరిగి జవాబు చెప్పలేరు.

ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో ఈ మాటలను తయారుచేసి, వేగం బాగా తగ్గించి, 32 ఎల్‌ఈడీల వరుస మీద చూపించాము. మొదటి ఎనిమిది దీపాలు 10000011 అని వెలిగితే అది 203 అని మేనకోడలు ఇప్పుడు చూడగానే చెబుతుంది. నాకు ముఖ్యమనిపించినవి చివర్లో ఉండే 30, 31 బిట్లు. రెండూ వెలిగితే అంకె సక్రమం. రెండూ ఆరితే పంపిన పరికరమే "నేను చెడిపోయాను, ఈ అంకెను నమ్మవద్దు" అని చెబుతున్నట్లు. అంకె ఎంత అందంగా ఉన్నా తెర దాన్ని పక్కన పెట్టి ఎర్ర ఇంటూ గుర్తు వేయాలి. మేము పీడన సెన్సారు వైరు పీకినప్పుడు ఆ రెండు దీపాలు ఆరి, మా చిన్న తెర మీద ఎత్తు స్థానంలో ఎర్ర గుర్తు పడింది. ఆర్డుయినో కరెంటే తీసేసినప్పుడు మాటలే రాలేదు. తెర కొద్దిసేపు ఎదురుచూసి మళ్లీ ఎర్ర గుర్తు వేసింది. మౌనాన్ని కూడా లోపంగానే లెక్కించాలి, లేకపోతే చివరి అంకె తెర మీద గడ్డకట్టి నిజంలా నిలబడుతుంది. గొట్టాన్ని క్లిప్పుతో మూసినప్పుడు మాత్రం ఆ రెండు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆగస్టులో నీటితో చూసినదాన్ని బిట్లలో చూసినట్లయింది.

దిక్కు కొలిచే మాగ్నెటోమీటరు మేడ గదిలో పనికిరాలేదు. స్లాబులోని ఇనుప కడ్డీల వల్ల బల్లను ఒక చివర నుంచి మరో చివరికి జరిపితేనే దిక్కు మారిపోయేది. కృష్ణ ఒడ్డున ఇసుక తిన్నెల మీదికి తీసుకుపోయాక స్థిరపడింది. అక్కడే బ్యాటరీతో ఒక ఒంటి తీగలో 5 ఆంపియర్లు పంపి, పది సెంటీమీటర్ల దూరానికి తెచ్చాము. ఆ తీగ పుట్టించే క్షేత్రం 10 మైక్రోటెస్లాలు. ఇక్కడ భూమి క్షేత్రం 40 పైచిలుకు. నాలుగో వంతు కల్తీతో దిక్కు ఎలా ఉంటుందో తెర చూపించింది. పోయే తీగను, వచ్చే తీగను కలిపి మెలి తిప్పగానే దిక్కు మళ్లీ దారికి వచ్చింది. మాగ్నెటోమీటరును రెక్కలో ఇంజనుకు దూరంగా ఎందుకు పెడతారో ఇంతకంటే వివరించనక్కరలేదు.

అక్టోబరు: బోర్డులను కలపడం

విడివిడిగా ఉన్న బోర్డులన్నిటినీ ఇప్పుడు ఒకే ఎసెన్షియల్ బస్సు మీదికి తెచ్చాము. ఒక బ్రేకరు పీకితే ఆ లోపం వరుసగా ఎక్కడెక్కడికి పాకుతుందో బల్ల అంతటా కనిపిస్తుంది. పరీక్షకు ముందు మేనకోడలితో చేయిస్తున్న అభ్యాసం ఇది: తను వెనక్కి తిరిగి ఉండగా నేనో, మేస్త్రిగారో ఒక బ్రేకరు పీకుతాము, లేదా ఒక గొట్టం మూస్తాము. తను తిరిగి చూసి, ముందు నిలిచినవాటిని పైకి చెప్పాలి, తరువాత పోయినవాటిని చెప్పాలి, చివరికి వాటన్నిటికీ ఉమ్మడి మూలం ఏదో తేల్చాలి. వేగం, ఎత్తు, ఎక్కే రేటు మూడింటి మీదా ఎర్ర గుర్తులు పడి, వంపు, దిక్కు బాగుంటే ఎయిర్ డేటా కంప్యూటరు. వంపు, దిక్కు పోయి మిగిలిన మూడూ బాగుంటే ఏహెచ్ఆర్ఎస్. ఇవి త్వరగా వస్తున్నాయి. ఎర్ర గుర్తు ఏదీ లేకుండా అంకెలు ఒకదానితో ఒకటి పొసగని సందర్భాల్లో తనకు ఇంకా సమయం పడుతోంది. అందుకే ఈ వారం నుంచి అభ్యాసంలో మూసిన గొట్టాల వాటా పెంచాము.

మిగిలింది ఇంధనం బోర్డు. ఎత్తయిన రెక్కల ట్యాంకుల నుంచి ఇంధనం తన బరువుతోనే సెలెక్టరు (ఏ ట్యాంకు నుంచి తీసుకోవాలో ఎంచే కవాటం) దాకా దిగుతుంది, అక్కడి నుంచి ఇంజను పంపు లాక్కుంటుంది, దానికి తోడు విద్యుత్ పంపు ఉంటుంది. పారదర్శకమైన రెండు డబ్బాలు, మూడు దారుల కవాటం సిద్ధంగా ఉన్నాయి. పెట్రోలు వాడము, రంగు కిరోసిను పోసి అడుగున కొన్ని చుక్కల నీళ్లు వదులుతాము. నీరు అడుగున ఎక్కడ గుమికూడుతుందో, డ్రెయిన్ కవాటం నుంచి గ్లాసులోకి పట్టినప్పుడు ఎలా విడిపోయి కనిపిస్తుందో ముందు చూడాలి. ఆ తరువాత ట్యాంకు మూతల గాలి రంధ్రాలను మూసి, ప్రవాహం ఎంతసేపట్లో తగ్గుతుందో కొలుస్తాము. డబ్బాలకు మూతలు బిగించే పని మేస్త్రిగారు ఆదివారం నాటికి ఇస్తామన్నారు.